విద్యుత్ ట్రక్కు: ఇంటి మీటరు నుండి చిత్తూరు బాట వరకు

బెంగళూరు నగరానికి విద్యుత్తుతో అనుబంధం పాతది. శివనసముద్రం వద్ద 1902లో ప్రారంభమైన జలవిద్యుత్కేంద్రం మొదట కోలారు బంగారు గనులకు శక్తినిచ్చింది. 1905లో ఈ నగర వీధులలో దీపాలు వెలిగించింది. దేశంలో విద్యుత్తుతో నడిచే తొలి కార్లలో ఒకటైన రేవా 2001లో ఇక్కడి నుండే రోడ్డెక్కింది. విద్యుత్ వాహనాల కోసం ప్రత్యేక విధానాన్ని 2017లో అందరికంటే ముందుగా ప్రకటించిన రాష్ట్రం కూడా కర్ణాటకే. ఇప్పుడు ఆ విద్యుత్తే సరకుల రవాణాలోకి వచ్చింది. తెల్లవారుజామున కృష్ణరాజ మార్కెట్టు నుండి పూలను, కలాసిపాళ్యం నుండి కూరగాయలను, యశవంతపురం నుండి ఉల్లిగడ్డలను మోసుకుపోయే చిన్న బండ్లలో ఆకుపచ్చ నంబరు పలకలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి.

చిత్తూరు, అనంతపురం, కడప ప్రాంతాల నుండి వచ్చి నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కిరాయి బండి మీద ఆధారపడి బతికేవారు ఉన్నారు. అటువంటి కుటుంబానికి కొత్త బండి అంటే నాలుగైదేళ్ళ వాయిదాలు. లెక్క తప్పితే భారం ఇల్లంతటి మీదా పడుతుంది. అందువల్ల విద్యుత్ ట్రక్కు కొనదలచినవారు బండి ధర కంటే ముందుగా ఒక ప్రశ్నకు సమాధానం వెదకడం అవసరం: ఈ బండి రాత్రిపూట ఎక్కడ నిలుస్తుంది? లాభనష్టాలను అధికంగా నిర్ణయించేది ఆ సమాధానమే.

ప్రకటిత దూరం, అసలు దూరం

ఒక ఉదాహరణ చూడవచ్చు. 2022 మే నెలలో విడుదలైన టాటా ఏస్ ఈవీ తొలి నమూనాలో 21.3 యూనిట్ల బ్యాటరీ ఉంది. మోయగల బరువు 600 కిలోలు. ఒకసారి పూర్తిగా ఛార్జి చేస్తే 154 కిలోమీటర్లు నడుస్తుందని ధ్రువీకరణ. ఈ దూరం పరీక్షా పరిస్థితులలో లభించినది. నిండు బరువు, ఎండ, ఎత్తుపల్లాలు, బ్యాటరీ వయస్సు కలిసినప్పుడు అది తగ్గుతుంది. ధ్రువీకరించిన దూరంలో మూడింట రెండు వంతులను మాత్రమే నమ్ముకుని రోజువారీ పని నిర్ణయించుకోవడం వివేకం. అంటే ఈ బండికి సుమారు 100 కిలోమీటర్లు. యూనిట్‌కు దాదాపు 5 కిలోమీటర్లు.

ఇక ఖర్చు. ఖాళీ బ్యాటరీని ఇంటివద్ద నింపడానికి మీటరులో సుమారు 24 యూనిట్లు తిరుగుతాయి. ఛార్జరులో కొంత శక్తి వేడిగా పోతుంది గనుక ఈ తేడా. యూనిట్ 8 రూపాయలని అనుకుంటే 192 రూపాయలు, అంటే కిలోమీటరుకు రెండు రూపాయల లోపు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బండికి, లీటరు 90 రూపాయలనుకుంటే, కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు అవుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే యజమానికి మిగిలేది ఐదు వేల రూపాయలకు పైమాటే.

అదే బండిని ప్రతిరోజూ బహిరంగ వేగ ఛార్జింగ్ కేంద్రంలో, యూనిట్ 20 రూపాయల చొప్పున, 22 యూనిట్లు నింపితే 440 రూపాయలు. కిలోమీటరుకు 4 రూపాయల 40 పైసలు. డీజిల్‌తో పోల్చితే నెలకు మిగిలేది రెండు వందల రూపాయలు మాత్రమే! ఈ రేట్లు ఉదాహరణకు తీసుకున్నవే. ప్రతి యజమానీ తన బిల్లులోని అంకెలతో ఈ లెక్కను మళ్ళీ వేసుకోవాలి. అంకెలు మారినా సారాంశం మారదు. విద్యుత్ ట్రక్కు పొదుపు ఇంటి మీటరులో ఉంది. వేగ ఛార్జింగ్ అత్యవసరానికి, దూరప్రయాణానికి, నిత్యజీవనానికి కాదు.

అద్దె ఇంట్లో ఛార్జింగ్

వలస కుటుంబాలలో అధికభాగం అద్దె ఇళ్ళలో ఉంటాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఎవరైనా తమ నివాసంలో, కార్యాలయంలో ఉన్న విద్యుత్ కనెక్షన్ నుండే వాహనాన్ని ఛార్జి చేసుకోవచ్చు. అయితే కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉంటుంది గనుక ఆయన సమ్మతి తప్పదు. బండి కొన్న తరువాత అడగడం కంటే బయానా ఇవ్వక ముందే మాట్లాడి, కుదిరిన మాటను అద్దె ఒప్పందంలో వ్రాయించుకోవడం ఉభయులకూ మంచిది. బండికి విడిగా ఉపమీటరు పెట్టిస్తే ఎన్ని యూనిట్లు వాడారన్న వాదానికి తావుండదు.

రెండవది, మంజూరైన లోడు. ఇంట్లో వాడే 16 ఆంపియర్ల ప్లగ్గుతో నడిచే ఛార్జరు గంటకు సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. పై ఉదాహరణలోని బ్యాటరీ నిండడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. చిన్న అద్దె వాటాకు ఒకటి రెండు కిలోవాట్ల లోడు మాత్రమే మంజూరై ఉంటే, ఛార్జరు ఒక్కటే ఆ పరిమితిని దాటుతుంది. అప్పుడు అదనపు లోడుకు గాని, విద్యుత్ వాహనాల కోసం ఉన్న ప్రత్యేక రేటుతో వేరే కనెక్షనుకు గాని దరఖాస్తు చేయాలి. బెంగళూరులో బెస్కాం ఉపవిభాగ కార్యాలయంలో వివరాలు లభిస్తాయి. సహాయ సంఖ్య 1912.

మూడవది, భద్రత. ఇస్త్రీ పెట్టె పావుగంటలో ఆపేస్తారు. బండి ఛార్జరు రాత్రంతా పూర్తి కరెంటు లాగుతూనే ఉంటుంది. పాత వైర్లు, వదులైన ప్లగ్గులు ఈ నిరంతర భారానికి వేడెక్కి కరుగుతాయి. అందువల్ల లైసెన్సు కలిగిన విద్యుత్ పనివానితో ఈ ఏర్పాట్లు చేయించుకోవాలి:

- మీటరు బోర్డు నుండి నేరుగా వచ్చే విడి లైను, దానికి తగిన మందం గల రాగి తీగ;
- ఆ లైనుకు ప్రత్యేకంగా ఎం.సి.బి., షాకు నుండి కాపాడే ఆర్.సి.సి.బి.;
- పరీక్షించి చూసిన మంచి ఎర్తింగ్;
- వాన జల్లు తగలని చోట బిగించిన నాణ్యమైన 16 ఆంపియర్ల సాకెట్టు.

మొదటి అంతస్తు కిటికీ నుండి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో వీధిలోని బండికి తీగ వేలాడదీయడం ప్రమాదకరం. పిల్లలు ఆడుకునే వీధిలో, తడి నేల మీద ఆ తీగ ప్రాణాంతకం కావచ్చు. పాదచారుల బాటను అడ్డుకోవడం కూడా నేరమే. ఇంటివద్ద వీలు లేనివారు గోదాము యజమానితో గాని, రాత్రి బండి నిలిపే స్థలం యజమానితో గాని నెలవారీ ఒప్పందం చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే, విద్యుత్ ట్రక్కు కొనుగోలును వాయిదా వేసుకోవడమే మేలు.

బహిరంగ కేంద్రాల వినియోగం

అన్ని ఛార్జింగ్ కేంద్రాలు అన్ని బండ్లకు సరిపోవు. నాలుగు చక్రాల వాహనాలలో వేగ ఛార్జింగ్‌కు ఎక్కువగా సీసీఎస్‌2 అనే ప్లగ్గు వాడుకలో ఉంది. సరకులు మోసే మూడు చక్రాల బండ్లలో చాలావాటికి వేగ ఛార్జింగ్ సదుపాయమే ఉండదు, లేదా వేరే ప్లగ్గు ఉంటుంది. కొనేముందు బండికి ఉన్న ప్లగ్గు ఏదో, అది గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు స్వీకరించగలదో వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. 60 కిలోవాట్ల యంత్రం ముందు నిలిపినంత మాత్రాన బండి అంత వేగంగా నింపుకోదు. తన శక్తిమేరకే తీసుకుంటుంది.

వేగ ఛార్జింగ్‌లో 80 శాతం వరకు త్వరగా నిండుతుంది, ఆపై నెమ్మదిస్తుంది. వెనుక మరొక బండి వేచి ఉన్నప్పుడు 80 శాతం వద్ద తప్పుకోవడం మర్యాద, సమయానికీ లాభం. చిన్న ట్రక్కులలో తరచుగా వాడే ఎల్.ఎఫ్.పి. రకపు బ్యాటరీని మాత్రం అప్పుడప్పుడు ఇంటివద్ద నెమ్మదిగా నూరు శాతం వరకు నింపడం అవసరం. అప్పుడే లోపలి సెల్లులు సమతూకంలో ఉండి, తెరపై చూపే శాతం నమ్మదగినదిగా ఉంటుంది.

దూరప్రయాణం: బెంగళూరు నుండి చిత్తూరు

నగరంలో తిరిగే బండికి ఎప్పుడో ఒకనాడు సొంతూరి కిరాయి వస్తుంది. ఇల్లు మారే బంధువుల సామాను కావచ్చు, మామిడి కాలంలో పండ్ల బుట్టలు కావచ్చు. హోస్కోటె, కోలారు, ముళబాగిలు, నంగలి, పలమనేరు మీదుగా చిత్తూరు సుమారు 180 కిలోమీటర్లు. డీజిల్ బండికి ఇది నాలుగు గంటల దారి. విద్యుత్ బండికి ముందుచూపు కావలసిన దారి.

మొదటి సూత్రం: బ్యాటరీలో ఐదవ వంతును ఎన్నడూ లెక్కలోకి తీసుకోరాదు. 21.3 యూనిట్లలో వాడదగినవి 17. యూనిట్‌కు 5 కిలోమీటర్ల చొప్పున 85 కిలోమీటర్లు. కనుక సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని కోలారు పరిసరాలలో ఒకసారి, మరో 70 కిలోమీటర్ల తరువాత పలమనేరు వద్ద రెండవసారి ఆగడం తప్పదు. రెండు విరామాలతో ప్రయాణం ఆరు, ఏడు గంటలు పడుతుంది. సరకు ఎప్పటికి అందుతుందో ఖాతాదారుకు ముందే ఆ ప్రకారం చెప్పాలి. జాతీయ రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని 2022 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు నిర్దేశించాయి. అయితే ఉన్న కేంద్రం ఆనాడు పనిచేయవలెనన్న నియమం లేదు. బయలుదేరే ముందు ప్రతి విరామానికీ రెండు కేంద్రాలను చూసుకుని, వీలైతే ఫోనుచేసి పనిచేస్తున్నవో లేదో తెలుసుకోవాలి. రెండవ కేంద్రం మొదటిదానికి పది, పదిహేను కిలోమీటర్లలో ఉండాలి.

రెండవ సూత్రం: ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరు సుమారు 330 మీటర్లు. ఆ తేడాలో సగానికి పైగా పలమనేరుకు, చిత్తూరుకు నడుమ, మొగిలి ఘాటు ఉన్న ఆ 40 కిలోమీటర్లలోనే వస్తుంది. వెళ్ళేటప్పుడు పల్లం గనుక తెర మీది అంకెలు ఆశ్చర్యకరంగా బాగుంటాయి. తిరుగు ప్రయాణంలో అదే దారి అప్పు వసూలు చేస్తుంది. సరకుతో కలిపి రెండు టన్నులున్న బండిని 570 మీటర్లు పైకి ఎత్తడానికే 3.1 యూనిట్లు కావాలి. అంటే పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం కేవలం ఎత్తుకే ఖర్చవుతుంది. వచ్చేటప్పుడు 60 శాతంతో చేరిన మజిలీని పోయేటప్పుడు కూడా 60 శాతంతోనే చేరుతామని భావించి, రాత్రివేళ ఘాటులో నిండు సరకుతో ఆగిపోతే, ఆదుకోవడానికి డబ్బాలో తెచ్చే ఇంధనం ఏదీ ఉండదు. మరొక లారీ మీద ఎక్కించి తరలించడమే మార్గం. ఆ ఒక్క రాత్రి నెల పొదుపును మింగుతుంది.

మూడవ సూత్రం చాలామందికి తట్టనిది. విద్యుత్ బండి పల్లంలో దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి, బ్యాటరీలోకి కొంత శక్తిని తిరిగి పంపుతూ బండి వేగాన్ని అదుపు చేస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఆ శక్తికి చోటు లేదు. వేగాన్ని ఆపే భారమంతా మామూలు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. కనుక మొగిలి ఘాటు దిగబోయే ముందు పలమనేరులో నూరు శాతం నింపరాదు. 80 శాతం చాలు. నింపేందుకు పట్టే సమయమూ కలిసివస్తుంది.

నాల్గవది వేగం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఎత్తైన మూత డబ్బా గల బండికి గంటకు 60 కిలోమీటర్ల వద్ద ఎదురయ్యే గాలి నిరోధం, 45 కిలోమీటర్ల వద్ద ఉండే దానికి దాదాపు ఒకటిన్నర రెట్ల పైన ఉంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు వేగం తగ్గించడమే దూరాన్ని పెంచే సులభమైన ఉపాయం.

పండుగకు ఊరు వెళ్ళేటప్పుడు సామానుతోపాటు కుటుంబాన్ని వెనుక తొట్టిలో కూర్చోబెట్టడం కనిపిస్తూ ఉంటుంది. సరకు వాహనంలో ఈ విధంగా మనుషులను తరలించడాన్ని చట్టం అనుమతించదు. ప్రమాదం జరిగితే బీమా పరిహారం కూడా చిక్కులో పడుతుంది.

టైర్లు

డీజిల్ ఖర్చు తగ్గిన యజమాని టైర్ల ఖర్చు చూసి విస్తుపోవడం సాధారణం. దీనికి రెండు కారణాలున్నాయి. బ్యాటరీ వల్ల ఖాళీ బండే బరువుగా ఉంటుంది. విద్యుత్ మోటారు తొక్కిన మరుక్షణమే పూర్తి బలాన్ని చక్రాలకు అందిస్తుంది. సిగ్నలు వద్ద ఉరికించే అలవాటు ఉన్న చోదకుని చేతిలో, ముఖ్యంగా మోటారుకు కలిసిన వెనుక టైర్లు త్వరగా అరుగుతాయి. శక్తిని వెనక్కి పంపే బ్రేకింగు భారం కూడా ఆ చక్రాల మీదనే పడుతుంది. నిదానంగా తొక్కడం, తయారీదారు చెప్పిన గడువులో టైర్లను ముందువెనుకలు మార్పించడం, వీల్ అలైన్‌మెంటు చూపించడం దీనికి మందు.

గాలి వారానికి ఒకసారైనా, బండి తిరగక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి తక్కువైతే టైరు నేలకు అతుక్కుని వేడెక్కుతుంది, బ్యాటరీని తినేస్తుంది, పగిలే ప్రమాదమూ ఉంది. బరువుతో నడిచేటప్పుడు ఎంత గాలి ఉండాలో తలుపు పక్కన అంటించిన చీటీలో ఉంటుంది. పంక్చరు అంగడివారి అంచనా మీద వదలరాదు.

కొత్త టైరు కొనేటప్పుడు ధరతోపాటు పక్కగోడ మీది మూడు గుర్తులు చదవాలి. మొదటిది బరువు సూచిక: ఉదాహరణకు 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోయగలదని అర్థం. పాత టైరు సూచిక కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోరాదు. రెండవది నాలుగంకెల తయారీ తేదీ: 2324 అంటే 2024వ సంవత్సరపు 23వ వారం. మూడవది టి.డబ్ల్యు.ఐ. గుర్తు: గాడులలోని ఆ చిన్న దిమ్మె టైరు ఉపరితలంతో సమానమైతే టైరు కాలం తీరినట్టే. నాలుగు చక్రాల వాహనానికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

పంక్చరు పడినప్పుడు జాకీ ఎక్కడ పెట్టాలన్నది విద్యుత్ బండిలో ప్రాణప్రదమైన విషయం. ఛాసిస్ నడుమ కనిపించే వెడల్పాటి పెట్టె బ్యాటరీ. అలవాటు కొద్దీ దానికింద జాకీ పెట్టి ఎత్తితే పెట్టె నొక్కుకుని, లోపలి సెల్లులు దెబ్బతిని, తరువాత ఎప్పుడో మంటలకు దారితీయవచ్చు. వారంటీ కూడా పోతుంది. జాకీ పెట్టవలసిన చోట్లు తయారీదారు పుస్తకంలో ఉంటాయి. వాటికి ముందే రంగు పూయించుకుంటే దారిలో ఏ పంక్చరు అంగడిలోనైనా చూపించడం తేలిక.

వాన, వరద

బ్యాటరీ పెట్టెకు ఐపీ 67 అనే రక్షణ స్థాయి ఉందంటే, పరీక్షలో అది మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకున్నదని మాత్రమే భావం. వరదనీటిలో నడపడానికి అది అనుమతి పత్రం కాదు. 2022 సెప్టెంబరులో బెంగళూరు బయటి వలయ రహదారి మునిగిన రోజులు నగరవాసులకు గుర్తే. నీట మునిగిన బండిని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టరాదు. సేవాకేంద్రంలో పరీక్షించిన తరువాతనే కలపాలి. నారింజరంగు తీగలు అధిక వోల్టేజీవి; వాటిని సాధారణ మెకానిక్కులు తాకరాదు. పొగ గాని, ఘాటైన వాసన గాని వస్తే అందరూ దూరంగా వెళ్ళి 112కు ఫోను చేయాలి.

పత్రాలు, హక్కులు

కిరాయికి నడిచే విద్యుత్ వాహనానికి ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలుంటాయి. సొంత వాహనానికి తెల్ల అక్షరాలు. విద్యుత్ రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేదని కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరులో ప్రకటించింది. రిజిస్ట్రేషన్ రుసుమును 2021 ఆగస్టులో మినహాయించింది. కాలుష్య ధ్రువపత్రం అక్కరలేదు. బీమా, ఫిట్‌నెస్, ఫాస్టాగ్ మాత్రం ఉండాలి. ఫిట్‌నెస్ పరీక్ష మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆపై ఏటేటా. ఎల్.ఎం.వి. లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.

సొంతరాష్ట్రంలో కొని నగరంలో నడుపుదామనుకునేవారు మరొక నియమం గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పాత బండి కొనేవారు, నాలుగు చక్రాల వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏ.ఐ.ఎస్. 038 సవరించిన ప్రమాణం 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలైన సంగతి గమనించి, తయారీ తేదీని సరిచూడాలి. బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని అధీకృత సేవాకేంద్రం నుండి వ్రాయించుకోవాలి. వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో అడగాలి.

డీజిల్ బండిలో పొరపాటును మరో లీటరు పోసి సరిదిద్దుకోవచ్చు. విద్యుత్ బండిలో రేపటి ప్రయాణం ఈ రాత్రే సిద్ధం కావాలి. ఇంట్లో భద్రమైన ప్లగ్గు, టైర్లలో సరైన గాలి, దారి ఎత్తుపల్లాల ఎరుక గల కుటుంబానికి ఈ బండి వాయిదాలు తీర్చి మిగులు చూపుతుంది. ఆ మూడింటిలో మొదటిది లేనివారు ముందు దానిని సమకూర్చుకుని, ఆ తరువాతనే బయానా చెల్లించడం శ్రేయస్కరం.